వాగు జాగ

పొద్దుగాల వాకిలి ఊడ్చి, బర్రెకు ఇంత గడ్డేసి, అంబలి తాగి బుచ్చవ్వ మిరప మడికి పోయేది. నర్సక్కపల్లె నుంచి మద్దివాగు దిక్కు దిగే బండ్లబాట మీద ఉత్త కాళ్లతోనే నడిచేది. ఊరు దాటి మొరంగడ్డ దాక ఆమె అడుగులు అందరి అడుగుల తీరుగనే దుమ్ముల పడేటివి. గడ్డ దిగంగనే అడుగు చెమ్మగిల్లేది. ఇంకో పది అడుగులు పోతే మడిమె గుంటల నీళ్లు నిలిచేటివి. మడి గెట్టు తొక్కే యాళ్లకు ఆమె కాలు తీసిన ప్రతి కాడ అడుగు నిండ తేటనీళ్లు ఊరేటివి. వానకాలం, ఎండకాలం అని లేదు. రోహిణి కార్తెల నేల నెర్రెలు వాసినప్పుడు గూడ అంతే.

ఊరోళ్లు దాన్ని చిన్నప్పటి సంది చూస్తున్నరు గనుక ఎవరూ దాని ముచ్చట తియ్యకపోయేది. ఆమె వెనుక నడిచే ఆడోళ్లు చీర కుచ్చెళ్లు తడువకుంట జర పక్కకు జరిగి నడిచేది. దూడలు ఆగి ఆ అడుగులల్ల మూతి పెట్టేటివి. వాగు భూమి లోపట ఎంత దూరం పారుతదో అంత దూరం బుచ్చవ్వ అడుగు తడుస్తది, ఆడ ఇల్లు కట్టొద్దు, బావి తవ్వుకోవచ్చు. ఊర్ల తెలిసింది గంతే. ఆమె పెండ్లయి అత్తగారింటికి పోయిన మూడో నాడే మామ ఆమెను తన చెల్క పొంటి నడిపించి, తడిసిన కాడ గడ్డపార దింపిండు. బావిల నీళ్లు పడ్డయి. కని ఆ నీళ్లతోని పంట పండక ముందే గత్తర వచ్చి ఆమె మొగడు పోయిండు.

పదిహేడేండ్లకే తిరిగి తల్లిగారింటికి వచ్చింది. అప్పటికి తల్లి లేదు. తమ్ముడు రాజం ఐదేండ్లోడు. వాని నెత్తి దువ్వింది ఆమె, వానికి తట్టు పోసినప్పుడు యాప మండలు పట్టుకోని కూసున్నది ఆమె, వానికి లగ్గం చేసి పోశవ్వను ఇంటికి తెచ్చింది ఆమె. బాపు పోయేటప్పుడు ఇల్లు, గడ్డ మీది చెల్క కొడుకుకు ఇచ్చి, వాగు పొంటి రెండెకరాల మడి బిడ్డ పేరు మీద చేసిండు. బుచ్చవ్వ ఊరి చివర ఒక చిన్న ఇల్లు వేసుకోని, మడిల మిరప, వంకాయ వేసుకుంట బతికింది.

నిజాం రాజ్యంల వాగొడ్డు జోలికి ఎవరూ పోకపోయేది. ఒడ్డు పొడుగునా నల్లమద్ది చెట్లు దట్టంగ ఉండె. దొర ఆడ షికారు ఆడేటోడు కాబట్టి కట్టెపుల్ల ముట్టినా దెబ్బలే. పోలీస్ యాక్షన్ అయినంక దొర పట్నం పోయిండు. భయం పోయింది. ఒకని ఎనుక ఒకడు ఒడ్డు దాక నాగలి తెచ్చిండ్రు. మద్దిచెట్లు కొట్టి బొగ్గు చేసి అమ్ముకున్నరు. పదేండ్లల్ల ఒడ్డు బోడిగుండు అయింది.

యాభై ఎనిమిదిల ఆశ్లేష కార్తెల మూడు దినాలు తెరిపి లేని వాన పడ్డది. పట్టి ఉంచే వేర్లు లేక ఒడ్డు పెళ్లలు పెళ్లలుగ ఇరిగి పడ్డది. వాగు మళ్లి, కిరస్తానపోళ్లు ఉండే మిషను గూడెం మీదికి వచ్చింది. తొమ్మిది ఇండ్లు పోయినయి. బడి పంతులు యెషయా తల్లి మంచంతోని సహా కొట్టుకపోయింది. మూడో నాడు వాన తెరిపిచ్చినంక ఆమెను కింది మడుగుల రాజం చూసిండు. తనే దిగి, భుజం మీద మోసుకోని గూడెందాక తెచ్చిండు. యెషయా పెండ్లాం దెబోరా ఆమె మీద తన పెండ్లి చీర కప్పింది.

ఎండకాలం వచ్చినంక ఇంకో కష్టం తెలిసింది. నర్సక్కపల్లె మొత్తం, బావులు అడుగంటినంక వాగు ఇసుకల చెలిమెలు తోడుకోని తాగే ఊరు. చెల్కల మట్టి కొట్టుకొచ్చి ఇసుక మీద మేట వేసింది. చెలిమె తవ్వితే బురద వచ్చేది. ఆడోళ్లు రెండు మైళ్లు నడిచి పక్క ఊరి బావి కాడ మాటలు పడుకుంట నీళ్లు తెచ్చుకున్నరు.

మరుసటేడు పంచాయతీ ఎన్నికలు అయితే రాజం సర్పంచి అయిండు. అప్పటికి అతనికి ముప్పై ఆరేండ్లు. మంచి మాటకారి. ఎవరింట్ల చావైనా ముందుగాల పోయి నిలబడెటోడు. మొదటి మీటింగులనే అతను వాగు ముచ్చట తీసిండు. వాగు జాగ వాగుకు ఇడిచిపెడుదాం, దాంట్ల నాగలి పెట్టొద్దు, గొడ్డలి పెట్టొద్దు, గోడ లేపొద్దు, ఇటుక బట్టి కాల్చొద్దు అని ఒక కట్టు చేసుకుందామన్నడు. మరి వాగు జాగ యాడిదాకనో ఎట్ల తెలుస్తదని మెంబరు నాగయ్య అడిగిండు. అడిగినంక ఆయనకే నవ్వొచ్చింది. అందరూ బుచ్చవ్వ దిక్కు చూసిండ్రు.

బుచ్చవ్వ రెండు దినాలు నడిచింది. ఊరి పొలిమేర కాడ మొదలుపెట్టి వాగుకు ఇటు ఒడ్డు పొడుగునా, వంకర టింకరగ, అడుగు తడిసే కాడికి, తడువని కాడికి నడుమ అంచు పట్టుకోని పోయింది. ఎనుక మనుషులు రాళ్ల బండి తోలుకొచ్చిండ్రు. తడి ఆగిన కాడల్ల ఒక రాయి పాతిండ్రు. సున్నం కొట్టిండ్రు. సాయంత్రం ఒడ్డు మీదనే కూసోని యెషయా పంతులు మంచి దస్తూరితోని తీర్మానం రాసిండు. “బుచ్చవ్వ అడుగు తడిసిన మేర వాగు జాగగా ఊరు ఒప్పుకోనైనది” అని రాసి చదివి వినిపించిండు. బుచ్చవ్వకు సిగ్గైంది. తన పేరు కాయితం మీద రాసి పదిమంది ముందట చదువుడు ఆమెకు అదే మొదలు.

రాళ్లు పాతుడు అల్కగనే అయింది. ఇచ్చుడే అల్కగ కాలే. పదకొండు మంది భూములు రాళ్ల లోపట పడ్డయి. వదులుకునెటోడు ఒక్కడు లేడు. అప్పుడు రాజం అక్క ఇంటికి వచ్చిండు. ఆమె చాట ముందట పెట్టుకోని మిరపకాయ తొడిమెలు తీస్తుంది. అతను గడప మీద కూసోని తను గూడ నాలుగు కాయలు తీసిండు.

“ఎవ్వడు ఒప్పుకుంటలేడక్కా,” అన్నడు. “సర్పంచి అక్క మడి గూడ లోపట్నే ఉన్నది గదా, ముందుగాల ఆమెను ఇయ్యమను అంటున్నరు.”

బుచ్చవ్వ తొడిమె తీసుడు ఆపింది. “నాకున్నది గదే గద తమ్మీ,” అన్నది.

“నేను లేనా అక్కా? నువ్వున్నన్ని దినాలు నా ఇంట్ల నీ కంచం ఉంటది.”

ఆమె తమ్ముని మొఖం చూసింది. వాని కండ్లల్ల నీళ్లున్నయి. ఆ నీళ్లు అబద్ధం కాదని ఆమె అప్పుడూ అనుకున్నది, తర్వాత గూడ ఎన్నడూ కాదనలే. ముసలమ్మను భుజాన మోసుకొచ్చిన మనిషి గదా.

మిరప తెంపుడు అయినంక ఇద్దరు కలిసి మంథని తాలూకా కచేరికి పోయిండ్రు. పట్టా భూమి వదులుకోవాలంటే సర్కారుకు రాజీనామా రాసియ్యాలె. గుమాస్తా కారణం అడిగితే వాగుకు ఇస్తున్న అని చెప్పింది. అట్ల రాయనీకి రాదు, సర్కారుకు అని రాయాల్నన్నడు. ఏదో ఒకటి రాయమని ఏలిముద్ర వేసింది. ఆమె ఇచ్చినంక సిగ్గుకో, తమ్ముని మాటకో, ఒకని ఎనుక ఒకడు మిగిలిన పది మంది గూడ ఇచ్చిండ్రు.

రెండేండ్లు మంచిగ గడిచినయి. కొట్టేసిన మొదళ్ల నుంచి మద్ది చిగురు లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు అయింది. ఒండ్రు ఆగి, ఇసుక మళ్ల తేలింది. గూడెం ఆడోళ్లు చెలిమె తవ్వితే అద్దం లెక్క నీళ్లు వచ్చినయి. బుచ్చవ్వ కలుపులకు, నాట్లకు కూలికి పోతుండె. వంగితే నడుము నొచ్చేది గని, తన మడి యాదికొచ్చినప్పుడు ఏం పోగొట్టుకున్నట్టు అనిపియ్యలే. సాయంత్రం రాళ్ల పొంటి పోయి చూసుకోని వచ్చేది. ఆమె అడుగులల్ల ఊరిన నీళ్లు చిన్న మద్ది మొక్కల మొదళ్లకు పారేటివి.

రాజం ఇంట్ల ఆమె కంచం గూడ ఉండె. పండుగలకు పోయి తిని వచ్చేది. ఆ నడుమ రాజం మంథని పోవుడు ఎక్కువైంది. రేపు సమితికి పెద్ద అయితడని చెప్పుకుంటుండ్రు. ఆయిల్ ఇంజను పెట్టి వాగు నీళ్లు తోడి ఏడాదికి రెండు పంటల వరి తీస్తున్న పెద్దపల్లి దిక్కు రైతులతోని దోస్తీ కలిసింది. ఒకనాడు బుచ్చవ్వ పోయేసరికి పోశవ్వ కొత్త ఇంజను మీద గోనె పట్టా కప్పుతున్నది. ఎవరిదని అడిగితే, మీ తమ్ముని దోస్తుది, దాసిపెట్టుమన్నడు అన్నది. బుచ్చవ్వ నమ్మింది. నమ్మకుండ ఉండాలన్న ఆలోచన గూడ ఆమెకు రాలే.

పుష్య మాసంల ఒక పొద్దుగాల ఊర్ల డప్పు చాటిండ్రు. వాగొడ్డున ఖాళీగ ఉన్న సర్కారు భూమి లావుణి పట్టా కింద ఇయ్యమని దరఖాస్తు పడ్డది, ఎవరికన్న కాదనేది ఉంటే నెల దినాలల్ల మంథని కచేరిల చెప్పుకోవాలె అని కావలికారు చెప్పుకుంట పోయిండు. ఎవరికీ సర్వే నంబరు తెల్వదని, గుర్తు గూడ చెప్పిండు. బుచ్చవ్వ మిరప మడి. దరఖాస్తు పెట్టినోడు రాజం, కొడుకు పేరు మీద.

బుచ్చవ్వ చీపురు పట్టుకోని వాకిట్ల నిలబడి విన్నది. కావలికారు పొరపాటు పడ్డడని నవ్వింది. అతన్ని పిలిచి, మళ్లొకసారి చెప్పుమన్నది. అతను తల వంచుకోని మళ్ల చెప్పిండు.

చీపురు ఆడనే పడేసి రాజం ఇంటికి పోయింది. అతను అన్నం తింటున్నడు. పోశవ్వ ఆమెను చూసి, గిన్నె ఆడ పెట్టి లోపలికి పోయింది. రాజం చెయ్యి కడుక్కోలే, తినుడూ ఆపలే.

“కూసో అక్కా, తిందువుగని.”

“నా మడి అడిగినవంట.”

“నువ్వు రాజీనామా ఇచ్చినంక అది నీది కాదు. సర్కారుది. నేను సర్కారును అడిగిన.”

“నేను సర్కారుకు ఇయ్యలే తమ్మీ. వాగుకిచ్చిన.”

“వాగు పేరు మీద పట్టా ఉండదక్కా.”

ఆ మాట అతను మెల్లగ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పిండు. చిన్నప్పుడు వానికి బుద్ధులు చెప్పేటప్పుడు తను గూడ ఇదే గొంతుతోని చెప్పేది. ఖాళీగ ఉంటే ఎవడో ఒకడు పట్టుకపోతడు, మనమే తీసుకుంటే మనింట్లనే ఉంటది గదా అని ఇంక ఏమేమో చెప్పిండు. ఆమెకు మిగిలిన మాటలు చెవుల పడలే. కంచంల అన్నం దిక్కు చూసుకుంట నిలబడ్డది. తిరిగి వచ్చేటప్పుడు పోశవ్వ తలుపు సందుల నుంచి చూస్తున్నట్టు తెలిసింది గని తల ఎత్తలే.

ఇచ్చినోళ్లు ఇంక పది మంది ఉన్నరు గదా అని ఆమె ఇంటింటికి పోయింది. నాగయ్య మంచం వేసి కూసుండబెట్టిండు. మజ్జిగ ఇచ్చిండు. రాజంకు పట్టా అయితే ఎనుక తమ తమ భూములు గూడ తమకే చేపిస్తనన్నడని చెప్పిండు. నీకేం పోయింది బుచ్చక్కా, నువ్వు గూడ అడుగు అన్నడు. మిగిలినోళ్లు మజ్జిగ ఇయ్యలే గని చెప్పింది అదే.

ఆఖరికి బడికి పోయింది. యెషయా పంతులు ఆమెను చూడంగనే పుస్తకాలు సర్దుడు మొదలుపెట్టిండు. ఆ తీర్మానం నువ్వే రాసినవు గద పంతులూ, అది తీసుకోని నాతోని మంథనికి రా అన్నది. పోయిన నెల మీటింగుల ఆ తీర్మానం కొట్టేసి ఇంకో తీర్మానం చేసిండ్రట. అది గూడ ఆయన దస్తూరే. బడి గడ్డిల్లు, వానకు కురుస్తది, పెంకలు వేపిస్తనని సర్పంచి మాటిచ్చిండట. ఈ మాటలు ఆయన కిటికీ దిక్కు చూసుకుంట చెప్పిండు. తన తల్లి ముచ్చట ఆయన తియ్యలే. బుచ్చవ్వ గూడ తియ్యలే.

ఒక్కతే బస్సెక్కి మంథని పోయి, తను కాదంటున్నట్టు ఏలిముద్ర వేసి వచ్చింది.

మాఘంల తహసీల్దారు జీపుల విచారణకు వచ్చిండు. కోస్తా దిక్కు మనిషి, చిన్న వయసు, నెమ్మదస్తుడు. వాగొడ్డు మీద బల్ల వేసిండ్రు. ఊరు ఊరంత వచ్చింది. ఆయన ముందుగాల సున్నం కొట్టిన రాళ్లు చూసి, ఇవి ఏ సర్వే ప్రకారం పాతారని అడిగిండు. బుచ్చవ్వే ముందుకు వచ్చి, తన అడుగు తడిసిన కాడికి పాతిండ్రని చెప్పింది. ఆయనకు సమజ్ కాలే. ఆమె మళ్ల చెప్పింది. ఆయన నవ్వలే. సర్పంచి దిక్కు తిరిగి, ఇది నిజమేనా అని అడిగిండు.

రాజం చేతులు కట్టుకోని నిలబడ్డడు. అక్క దిక్కు చూడలే.

“అసొంటిదేం లేదు సార్. మా అక్కకు మొగడు పోయిన కాంచి మనసు జర నిలకడగ ఉండదు. పెద్దమనిషని మేం ఏం అనం.”

గంత పెద్ద ఊర్ల ఆ మాట అన్నోడు అప్పటిదాక ఎవడూ లేడు. బుచ్చవ్వ అడుగులల్ల నీళ్లు ఊరుతయంటే నమ్మనోడే లేడు, కాబట్టి నమ్మాల్సిన పని గూడ ఎవరికీ పడలే. తహసీల్దారు జనం దిక్కు చూసి, మీరెవరైనా చూశారా అని అడిగిండు. నాగయ్య తలపాగ సదురుకున్నడు. ఆమె నడిచిన కాడ బావి తవ్వుకోని నాలుగెకరాలు పారిచ్చుకుంటున్న దశరథం ఎనుకకు జరిగి ఇంకొకని చాటుకు పోయిండు. యెషయా నేల చూసిండు. ఆయన పక్కన దెబోరా నోట్ల కొంగు కుక్కుకున్నది.

“నువ్వు నడిచి చూపిస్తావా అమ్మా?” అని తహసీల్దారు అడిగిండు.

బుచ్చవ్వ నడిచింది. రాయి కాడి నుంచి తన మడి నడుమల నుంచి వాగు దిక్కు పోయింది. ఇరవై అడుగులు వేసి ఎనుకకు చూసింది. దుమ్ముల ఇరవై అడుగులు ఉన్నయి. ఊకల వేసినట్టు పొడిగ ఉన్నయి. ఇంకా ముందుకు పోయి, నీళ్ల అంచున ఇసుకల కాలు పెట్టింది. ఆడ గూడ ఆమె కాలు తీసిన కాడ ఇసుక ఎండి పొడి పొడి అయితున్నది. ఆమె మళ్ల మళ్ల కాలు ఎత్తి పెట్టింది. రాజం గూడ ఆ అడుగుల దిక్కే చూసిండు. అతని మొఖం తెల్లబోయింది. తను చెప్పింది అబద్ధమని అందరికన్న ఎక్కువ ఎరుకైనోడు అతనే గదా.

తహసీల్దారు ఏదో రాసుకున్నడు. ఆమెకు నమస్కారం చేసి జీపెక్కిండు.

ఆ దినం సంది బుచ్చవ్వ కాళ్లు పలిగినయి. యాభై ఏండ్లల్ల ఆమెకు మడిమెలు పలుగుడంటే ఏందో తెల్వదు. ఆముదం రాసినా తగ్గలే. నడుస్తుంటే పావుకోళ్లు తొడుక్కున్నట్టు, కింద నేల తనది కానట్టు ఉండేది. భూమి పోయిన దుఃఖం వేరే, ఇది వేరే. కూలికి పోయినప్పుడు ఆడోళ్లు ఆమె ఎనుక పక్కకు జరుగకుంట నేరుగ నడిచిండ్రు. ఆమెతోని మామూలుగనే మాట్లాడిండ్రు. ఆ మామూలు మాటలే ఆమెకు ఎక్కువ గుచ్చుకున్నయి. రాజం ఇంటికి పోలే. ఉగాదికి పోశవ్వ పచ్చడి పంపితే గిన్నె వాకిట్లనే పెట్టి, తీసుకపొమ్మన్నది.

మంథనిల బుచ్చవ్వ మాట చెల్లలే. వైశాఖంల, పట్టా చేతికిచ్చే ముందు హద్దులు కొలిచి భూమి అప్పజెప్పనీకి తహసీల్దారు కింది గిర్దావరు కొలత గొలుసు పట్టుకోని వచ్చిండు. నెత్తి మాడే ఎండ. మూడు నెలల సంది చినుకు లేదు. బుచ్చవ్వ పోవద్దనుకున్నది. దెబోరా వచ్చి, చూడనీకి కాదు, నాకు తోడు రా అని చెయ్యి పట్టుకోని తీసుకపోయింది.

పట్టా తీసుకునెటోడు గెట్టు పొంటి తిరిగి చూపియ్యాలె. కొడుకు బదులు రాజమే కొత్త కిర్రు చెప్పులు తొడుక్కోని రాయి దాటి ముందుకు నడిచిండు. గొలుసు పట్టినోళ్లు ఎనుక నడిచిండ్రు. పది అడుగులు పోయినంక గొలుసు మనిషి జారి, కింద చూసిండు. రాజం చెప్పు పడ్డ కాడల్ల నీళ్లు ఊరుతున్నయి. మడిమె గుంట నిండి, చెప్పు అంచు దాటి పారుతున్నది. రాజం ఎనుకకు తిరిగి చూసిండు. నాలుగు అడుగులు పక్కకు వేసిండు. అవి నిండినయి. చెప్పులు విడిచిపెట్టి ఉత్త కాళ్లతోని నడిచిండు. అయిదు వేళ్లు, మడిమె, అన్నీ నిండినయి. అతను ఎంత జల్ది నడిస్తే నీళ్లు అంత జల్ది ఊరినయి. ఆఖరికి మడి నడుమల, మోకాళ్ల మీద చేతులు పెట్టుకోని నిలబడిపోయిండు. అతని సుట్టు చిన్న మడుగు అయింది.

ఒడ్డు మీద అందరూ మాఘంల చూసినట్టే నేల చూపులు చూసిండ్రు. గిర్దావరు పట్వారీని, పట్వారీ నాగయ్యను చూసిండు.

దెబోరా ఒక్కతే ముందుకు వచ్చింది.

“గవి బుచ్చక్క అడుగులు సార్. ఇన్నేండ్లు ఆమెకే ఊరేటివి. మేమందరం చూసినం. మొన్న మా నోళ్లు లేవలేదు.” ఎనుకకు తిరిగి పెనిమిటి దిక్కు చూసింది. “మా అత్తమ్మ ఈడనే కొట్టుకపోయింది.”

యెషయా అప్పుడు తల ఎత్తిండు. అవును సార్, నిజమే అన్నడు. అంత చిన్నగ అన్నడు, పక్కనోళ్లకు గూడ సరిగ వినపడలే.

గిర్దావరుకు ఎవరి అడుగులతోనూ పని లేదు. ఆయన గొలుసు బురదల పడ్డది, ఆయన బూట్లు తడిసినయి. పంచనామాల, నడి ఎండకాలంల గూడ భూమి ఊట పెడుతున్నది, ఇది వాగు గర్భం కిందికే వస్తది, పట్టా ఇయ్యనీకి పనికిరాదు అని రాసిండు. తహసీల్దారు దాని కింద దస్కత్ చేసిండు. రాజం దరఖాస్తు కొట్టుడుపోయింది. పది మందికి చేపిస్తనన్న పట్టాలు గూడ దాంతోనే పోయినయి. మళ్ల మీటింగు పెట్టి మొదటి తీర్మానమే తిరిగి రాసిండ్రు. “బుచ్చవ్వ అడుగు తడిసిన మేర” అన్న మాట కాడ యెషయా కలం ఆగింది. తడిసేది ఇప్పుడు రాజం అడుగు గదా. అయినా అట్లనే రాసిండు.

పది దినాలకు ఒక సాయంత్రం రాజం అక్క వాకిట్లకు వచ్చిండు. ఆమె గోడకు ఒరిగి మడిమెలకు ఆముదం రాసుకుంటున్నది. అతను గడప మీద కూసోలే. దూరంగ నిలబడ్డడు. సమితి ముచ్చట పోయింది, ఇంజను అడ్డికి పావుశేరు అమ్ముకున్నడు, పదిమంది మొఖం చూస్తలేరు అని ఊరోళ్లు అనుకునేదే అతనూ చెప్పిండు. చెప్పి చెప్పి ఆగిండు.

“నాకు ఈ తడి వద్దక్కా. నువ్వు తీసుకో.”

బుచ్చవ్వ ఆముదం గిన్నె మూత పెట్టింది.

“భూమి అడిగి తీసుకున్నవు. ఇది అడగకుంటనే తీసుకున్నవు. పోయినయి నాకు తిరిగి ఇయ్యుమని నేను ఎవరిని అడగాలె, రాజం?”

తమ్మీ అనలే. అతను ఆ సంగతి పట్టుకున్నడు. వచ్చిన బాటనే ఎనుకకు పోయిండు.

ఆ ఏటి వానకాలంల వాగు పొర్లి కొన్ని రాళ్లు కొట్టుకపోయినయి. వానలు తగ్గినంక అంచు పట్టుకోని నడిచి రాళ్లు పాతించేటోడు ఇప్పుడు రాజమే. ఎవరూ చెప్పకముందే అతను బండి కట్టుకోని పోయిండు. మూడు దినాలు ఎండల వాగు పొంటి నడిచిండు. తడిసిన కాడ ఆగి రాయి పాతిండు. మంథనికి పోవుడు బందైంది. ఎనుకటి రాజం ఎట్లుంటుండెనో చిన్నగ చిన్నగ ఊరు మరిచింది. బావి తవ్వెటోళ్లు గూడ అతన్నే పిలువబట్టిరి. అతను పోయి, నడిచి, ఎవరి దిక్కు చూడకుంట వచ్చేటోడు.

బుచ్చవ్వ చెలిమె కాడికి పొద్దెక్కినంక, ఆడోళ్లు ఎవరూ లేనప్పుడు పోవుడు అలవాటు చేసుకున్నది. మరుసటి చైత్రంల ఒకనాడు ఆమె ఇసుక తోడి, చెంబుతోని నీళ్లు ముంచి ముంచి కుండ నింపింది. నీళ్లు తేటగ ఉన్నయి. చుట్టకుదురు నెత్తి మీద పెట్టుకోని చూసేసరికి, కుండ ఎత్తనీకి తోడు ఎవరూ లేరు. ఒడ్డు మీద రాళ్ల పొంటి వస్తున్న రాజం ఒక్కడే ఉన్నడు.

అతను ఆమెను చూసి దిగి వచ్చిండు. అతని ఎనుక ఇసుకల అడుగులు ఒకటొకటిగ నిండుకుంట వచ్చినయి. దగ్గరికి వచ్చి, వంగి, కుండ అంచు పట్టుకోని ఎత్తనీకి రెండు చేతులు పెట్టిండు. ఆమె రెండో అంచు పట్టాలె. పట్టలే. చుట్టకుదురు నెత్తి మీద నుంచి తీసి ఒడిల పెట్టుకోని, కుండ పక్కన ఇసుకల కూసున్నది.

రాజం కొంచెం సేపు అట్లనే వంగి ఉండి, చేతులు తీసుకున్నడు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. అతను నిలబడ్డ కాడ నీళ్లు ఊరి, ఊరి, ఆమె కాళ్ల దాక పారినయి. పలిగిన మడిమెలకు సల్లగ తగిలినయి. ఆమె కాళ్లు ఎనుకకు తీసుకున్నది.

చానసేపటికి గూడెం దిక్కు నుంచి దెబోరా బిందెతోని దిగి వచ్చింది. ఇద్దరిని చూసి బిందె కింద పెట్టింది. బుచ్చవ్వ లేచి చుట్టకుదురు నెత్తి మీద పెట్టుకున్నది. ఇద్దరు ఆడోళ్లు చెరొక అంచు పట్టి కుండ ఎత్తిండ్రు. బుచ్చవ్వ కుండ సరిచేసుకోని, తమ్ముడు నిలబడ్డ కాడి నుంచి చుట్టు తిరిగి, పొడి ఇసుక మీద నుంచి ఊరి దిక్కు నడిచింది.